ఆటవిడుపు: చివరి బంతి వేసినవాడు

ఈ మాసం ఈ శీర్షికలో చదరంగాన్ని గురించి వ్రాయాలని సంకల్పించి, అందుకు కావలసిన సమాచారం కూడా కొంత సేకరించి పెట్టుకొన్నాను. ఇంతలో మా రిసాలిలో, మా క్వార్టర్ల వెనుకనున్న మైదానంలో జరిగిన ఒక చిన్న సంఘటన నా దృష్టిని మరొక వైపునకు మళ్ళించింది. చదరంగానికి తొందర లేదు. అది మరొక నెల ఆగగలదు.

రెండు వీధుల పిల్లలు తలా ఇంత వేసుకొని ఒక కప్పు కొన్నారు. టెన్నిస్ బంతితో పది ఓవర్ల పోటీలు పెట్టుకొన్నారు. ఫైనలు నాటి సాయంత్రం జనరల్ షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రులు కూడా సైకిళ్ళూ స్కూటర్లూ ప్రక్కన నిలిపి చూస్తున్నారు. చివరి బంతికి ఐదు పరుగులు కావాలి. బంతి వేయవలసినవాడు తొమ్మిదవ తరగతి చదువుతున్న మా ప్రక్క వరుస క్వార్టరు పిల్లవాడు. వాడు వేసిన బంతి నేలను తాకకుండానే నడుము ఎత్తున వెళ్ళింది. ఎదుటివాడు దానిని వేపచెట్టు మీదుగా లేపి కొట్టాడు. బంతి ఒక క్వార్టరు డాబా మీది నీళ్ళ ట్యాంకుకు తగిలి టంగుమన్న శబ్దం నాకు ఇంట్లోకి వినిపించింది. గెలిచినవారు కొట్టినవాడిని భుజాల మీద ఎత్తుకొని వీధంతా త్రిప్పారు. బంతి వేసినవాడు ఎటు వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

పది రోజుల తరువాత ఆ పిల్లవాని తల్లి మా ఇంటికి వచ్చింది. శ్రీకాకుళం వైపు వారు, మాకు చిరకాల పరిచయస్థులు. "అన్నయ్యగారూ, వీడు ఆటకు వెళ్ళటం మానేశాడండీ. బుద్ధిగా చదువుకొంటున్నాడు కాబోలునని మొదట సంతోషించాను. తీరా చూస్తే పుస్తకం తెరిచి గోడవైపు చూస్తూ కూర్చుంటున్నాడు. మీరు ఆటలను గురించి వ్రాస్తూ ఉంటారు కదా, ఒకసారి మాట్లాడి చూడండి" అన్నది.

ఆటలను గురించి వ్రాయటం వేరు, పధ్నాలుగేళ్ళ పిల్లవాడితో మాట్లాడటం వేరు. ఓటమి విజయానికి తొలిమెట్టు వంటి మాటలు చెబితే వాడు మర్యాదకు తల ఊపి లేచిపోతాడని నాకు తెలుసు. ఆ వయసులో నేనూ అలాగే లేచిపోయేవాడిని. అందుచేత ఉపదేశం జోలికి పోకుండా, వానికి బొత్తిగా తెలియని ఒక ఆటలో, వానికి తెలియని ఒక ఊరిలో జరిగిన కథ ఎత్తుకొన్నాను. ఉక్కు నగరంలో నివసిస్తున్న మనకు ఆ ఊరితో ఒక విధమైన చుట్టరికం ఉన్నది. అది అమెరికాలోని పిట్స్‌బర్గ్. ఆట బేస్‌బాల్.

మన పాఠకులలో బేస్‌బాల్ చూసినవారు తక్కువ కనుక రెండు మాటలు. ఇందులోనూ ఒకరు బంతి విసురుతారు, ఒకరు గుండ్రని కర్రతో కొడతారు. మైదానంలో నాలుగు మూలలా నాలుగు స్థానాలు, అనగా బేసులు, ఉంటాయి. కొట్టినవాడు వాటినన్నింటినీ చుట్టి తిరిగి మొదటి చోటికి చేరితే ఒక పరుగు. బంతి గనుక హద్దుగోడ దాటి ప్రేక్షకులలో పడితే అది హోమ్ రన్. కొట్టినవాడు, అప్పటికే బేసుల మీద నిలిచి ఉన్న సహచరులు, అందరూ నింపాదిగా చుట్టి రావచ్చును. కనుక ఒక్క దెబ్బకు ఒకటి నుండి నాలుగు పరుగుల వరకు రావచ్చు. ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. ప్రతి ఇన్నింగ్సులోనూ రెండు జట్లూ ఆడతాయి, సొంత మైదానం వారు రెండవసారి ఆడతారు. చివరి ఇన్నింగ్సులో వారికి ఆధిక్యం వచ్చిన మరుక్షణమే ఆట ముగిసిపోతుంది. మన పాత బిళ్ళంగోడుకూ, మన కర్మాగార నిర్మాణానికి వచ్చిన రష్యన్ల సొంత ఆట అయిన లాప్తాకూ దీనిలో ఏదో దూరపు పోలిక కనిపిస్తుంది. కర్ర, బంతి లేక బిళ్ళ, పరుగు దొరికితే ఏ దేశపు పిల్లలైనా ఏదో ఒక ఆట కల్పించుకొంటారు కాబోలు.

అమెరికాలో ఏటా రెండు లీగుల విజేతల మధ్య జరిగే అంతిమ పోటీని వరల్డ్ సిరీస్ అంటారు. 1903లో మొదలైంది. సాధారణంగా ఏడు ఆటలలో నాలుగు గెలిచిన జట్టు విజేత. ఇన్ని దశాబ్దాల చరిత్రలో సిరీస్ మొత్తం ఒక హోమ్ రన్ దెబ్బతో ముగియటం రెండే రెండుసార్లు జరిగింది. ఒకటి 1960లో, రెండవది 1993లో. ఆ రెండింటిలోనూ ఏడవ ఆటలో, అనగా ఇక మరొక అవకాశం ఎవరికీ లేని ఆటలో, జరిగినది మొదటిదే.

1960 నాటికి పిట్స్‌బర్గ్ ఉక్కు పొగలో మునిగి ఉన్న నగరం. నదుల ఒడ్డున వరుసగా కొలుములు, రోలింగ్ మిల్లులు. అక్కడి జట్టు పేరు పైరేట్స్. అంతకు 35 సంవత్సరాలకు పూర్వం, 1925లో, ఒకసారి సిరీస్ గెలిచిన తరువాత మళ్ళీ గెలిచిన పాపాన పోలేదు. ఎదుటి జట్టు న్యూయార్క్ యాంకీస్, ఆ కాలంలో తిరుగులేనిది. మొదటి ఆరు ఆటలలో యాంకీస్ గెలిచిన మూడింటి లెక్క చూడండి: 16-3, 10-0, 12-0. పైరేట్స్ గెలిచిన మూడు ఆటలలో వారి ఆధిక్యం రెండు, ఒకటి, మూడు పరుగులు మాత్రమే. సిరీస్ మొత్తం మీద యాంకీస్ చేసినవి 55 పరుగులు, పైరేట్స్ చేసినవి 27. సగం పరుగులు కూడా చేయనివారు సమఉజ్జీలుగా ఏడవ ఆటకు వచ్చారన్న మాట. సంవత్సరపు ఉత్పత్తి మొత్తం కలిపి చూస్తే ఓడినవారు, రోజువారీ లెక్క చూస్తే సమానమైనవారు!

అక్టోబరు 13న, ఫోర్బ్స్ ఫీల్డ్ అనే మైదానంలో ఏడవ ఆట జరిగింది. మొదట పైరేట్స్ 4-0తో ముందున్నారు. ఎనిమిదవ ఇన్నింగ్సు సగానికి యాంకీస్ 7-4కు వచ్చారు. అప్పుడొక విచిత్రం. పైరేట్స్ ఆటగాడు కొట్టిన మామూలు బంతి నేల మీద దేనికో తగిలి ఎగిరి, యాంకీస్ ఆటగాడు టోనీ కుబెక్ గొంతుకు తాకింది. అతడు మైదానం విడిచి వెళ్ళవలసి వచ్చింది. సులువుగా అవుట్ కావలసిన చోట పైరేట్స్‌కు ఊపిరి దొరికింది. ఆ ఇన్నింగ్సులో ఐదు పరుగులు చేసి 9-7కు చేరారు. తొమ్మిదవ ఇన్నింగ్సులో యాంకీస్ మళ్ళీ రెండు చేసి 9-9 చేశారు.

ఇప్పుడు పైరేట్స్ వంతు. బంతి వేస్తున్నది రాల్ఫ్ టెర్రీ, 24 ఏళ్ళ యువకుడు. కొట్టవలసినవాడు బిల్ మాజెరోస్కి. ఇతడు బొగ్గుగని కార్మికుని కుమారుడు. పెద్దగా కొట్టేవాడని పేరున్నవాడు కాడు. ఇతని ప్రతిభ అంతా బంతిని అందుకొని, కన్ను మూసి తెరిచే లోపల మరొకరికి విసరటంలో ఉన్నది. మొదటి బంతి వదిలివేశాడు. రెండవ బంతిని ఎడమవైపు గోడ మీదికి కొట్టాడు. గోడ దగ్గర నిలిచిన యోగి బెర్రా తల ఎత్తి చూసి, ఇక పరుగెత్తి ప్రయోజనం లేదని గ్రహించి వెనుదిరిగాడు. అప్పుడు సమయం మధ్యాహ్నం 3 గంటల 36 నిమిషాలు. పైరేట్స్ 10, యాంకీస్ 9.

మాజెరోస్కి టోపీ చేత పట్టుకొని గిరగిర త్రిప్పుకొంటూ బేసులు చుట్టి వస్తున్న ఛాయాచిత్రం ఆ దేశంలో బాగా ప్రసిద్ధం. ఆ నగరంలో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదని చెబుతారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మాజెరోస్కి 1956 నుండి 1972 వరకు 17 సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడాడు. ఫీల్డింగులో శ్రేష్ఠతకు ఇచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతి ఎనిమిదిసార్లు అందుకొన్నాడు. తన స్థానంలో 1706 డబుల్ ప్లేలలో, అనగా ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయటంలో, పాలుపంచుకొని రికార్డు నెలకొల్పాడు. అయినా సామాన్య జనానికి అతడంటే ఆ ఒక్క దెబ్బే. ప్రతిరోజూ ఏ ఆటంకమూ రాకుండా యంత్రాన్ని నడిపించే మెయింటెనెన్స్ సిబ్బందిని ఎవరూ తలచుకోరు గాని, ఒకనాడు మంటను ఆర్పితే మాత్రం దండ వేస్తారు. 2001లో అతనిని బేస్‌బాల్ ప్రముఖుల మందిరంలో చేర్చుకొన్న సభలో అతడు వ్రాసి తెచ్చుకొన్న ప్రసంగం చదవలేకపోయాడు. కన్నీళ్ళు అడ్డుపడి, రెండు మూడు నిమిషాలలోనే ముగించి కూర్చున్నాడు.

ఫోర్బ్స్ ఫీల్డ్‌ను 1971లో పడగొట్టారు. ఆ స్థలంలో విశ్వవిద్యాలయ భవనాలు లేచాయి. హద్దుగోడలో కొంత భాగం మాత్రం మిగిల్చారు. 1985లో ఒక అభిమాని అక్టోబరు 13న ఆ గోడ దగ్గర ఒంటరిగా కూర్చొని, ఆనాటి రేడియో వ్యాఖ్యానాన్ని టేపురికార్డరులో పెట్టుకొని మొదటి నుండి చివరి దాకా విన్నాడు. ఆ తరువాతి సంవత్సరాలలో మరికొందరు వచ్చి చేరారు. క్రమంగా అది ఏటేటా జరిగే ఉత్సవమైంది. సరిగ్గా 3 గంటల 36 నిమిషాలకు ఆ దెబ్బ వినిపించేటట్లు టేపు మొదలుపెడతారు. ఆ ఊరి ఉక్కు పరిశ్రమ మాత్రం అంతగా మిగలలేదు. ప్రసిద్ధమైన హోమ్‌స్టెడ్ కర్మాగారం 1986లో మూతపడింది. ఇప్పుడు ఆ నేల మీద దుకాణాల సముదాయం ఉన్నది. ఉక్కు నగరంలో ఉద్యోగ విరమణకు దగ్గరైన నాబోటివానికి ఈ వాక్యం వ్రాస్తుంటే చేయి కొంచెం ఆగింది. మన తెలుగువారికి పిట్స్‌బర్గ్ అంటే వెంటనే గుర్తుకు వచ్చేది పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరాలయం. 1976లో ప్రతిష్ఠ జరిగిన ఆ కోవెల అమెరికాలోని మొదటితరం హిందూ ఆలయాలలో ఒకటి. మన కాలనీలోనే పిల్లలను చూడటానికి వెళ్ళి ఆ స్వామిని సేవించుకొని వచ్చినవారు ఉన్నారు. ఆ గోడను కూడా చూసి వచ్చినవారు ఎవరైనా ఉంటే నాకు తెలియజేయ ప్రార్థన.

మా పిల్లవాడు ఇదంతా మౌనంగా విన్నాడు. విని, "మామయ్యగారూ, ఆ బంతి వేసినతని పేరు ఏమన్నారు?" అని అడిగాడు. కొట్టినవాని పేరు వానికి అక్కరలేకపోయింది.

రాల్ఫ్ టెర్రీ. ఆట ముగిసిన తరువాత విలేఖరులు చుట్టుముట్టి ఎటువంటి బంతి వేశావని అడిగితే, అది ఏ బంతో తనకు తెలియదు గాని తప్పు బంతి అన్నది మాత్రం తెలుసునని జవాబు చెప్పాడట. ఆ జట్టు మేనేజరు కేసీ స్టెంగెల్ పేరు మోసిన వృద్ధుడు. ఆ ఓటమి తరువాత కొద్ది రోజులకే యాజమాన్యం అతనిని తొలగించింది. టెర్రీని మాత్రం కొత్త మేనేజరు రాల్ఫ్ హౌక్ వదులుకోలేదు. 1962లో టెర్రీ ఆ సీజను మొత్తంలో 23 ఆటలు గెలిపించాడు. వరల్డ్ సిరీస్ మళ్ళీ ఏడవ ఆటకే వచ్చింది, ఈసారి శాన్ ఫ్రాన్సిస్కోలో. యాంకీస్ 1-0తో ముందున్నారు. చివరి ఇన్నింగ్సు, ఇద్దరు అవుట్, రెండవ మూడవ బేసుల మీద ఎదుటివారు ఇద్దరు నిలిచి ఉన్నారు. ఒక్క మంచి దెబ్బ తగిలితే ఇద్దరూ వచ్చేస్తారు, సిరీస్ పోతుంది. కొట్టటానికి వచ్చినవాడు విల్లీ మెకోవీ, భయంకరమైన బలశాలి. హౌక్ నడిచి వచ్చి, ఇతనికి వేస్తావా, లేక ఇతనికి ఉచితంగా మొదటి బేసు ఇచ్చి తరువాతివానికి వేస్తావా అని అడిగాడు. మెకోవీకే వేస్తానన్నాడు టెర్రీ. మెకోవీ తుపాకి గుండులాగా కొట్టాడు. అది సూటిగా ఫీల్డరు బాబీ రిచర్డ్‌సన్ చేతులలోకి వెళ్ళింది. నాలుగడుగులు ప్రక్కకు పోయి ఉంటే టెర్రీ జీవితకథ మరొక విధంగా ఉండేది. ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా టెర్రీనే ఎంపిక చేశారు.

అందరికీ ఇటువంటి ముగింపు దొరకదు. 1993లో టొరంటో జట్టు ఆటగాడు జో కార్టర్ కొట్టిన హోమ్ రన్‌తో ఫిలడెల్ఫియా ఓడింది. బంతి వేసిన మిచ్ విలియమ్స్‌కు ఆ సిరీస్ జరుగుతుండగానే చంపుతామన్న బెదరింపులు వచ్చాయి. మరుసటి సంవత్సరానికి అతడు ఆ జట్టులో లేడు. 1951లో న్యూయార్క్ జయింట్స్ జట్టు బాబీ థామ్సన్ దెబ్బతో లీగు విజేత అయినప్పుడు బంతి వేసిన రాల్ఫ్ బ్రాంకా ఆ ఒక్క బంతిని జీవితాంతం మోశాడు. ఆ జట్టువారు ఆ ఏడాది దుర్భిణి పెట్టి ఎదుటివారి సంకేతాలు దొంగిలించేవారన్న సంగతి ఎన్నో ఏళ్ళ తరువాత, 2001లో, పత్రికలలో వివరంగా వెలువడింది. అప్పటికి బ్రాంకాకు 75 ఏళ్ళు. ఈ రెండింటినీ ఆ పిల్లవానికి చెప్పలేదు. పాఠకులకు చెప్పకపోవటం మాత్రం న్యాయం కాదు.

ఇంత దూరం ఎందుకు, మనకు షార్జా ఉన్నది. 1986 ఏప్రిల్ 18, శుక్రవారం, ఆస్ట్రలేషియా కప్ ఫైనలు. ఆనాడు టీవీ ఉన్న ఇంటి ముందర చెప్పుల గుట్టలు పడి ఉండేవి. మేము పది పన్నెండు మందిమి ఒక సహోద్యోగి ఇంట్లో చేరాము. భారత్ 245 పరుగులు చేసింది. పాకిస్తాన్‌కు చివరి ఓవరులో 11 కావాలి. ఐదవ బంతికి తౌసీఫ్ అహ్మద్ ఎలాగో ఒక పరుగు తీసి జావేద్ మియాందాద్‌కు వంతు ఇచ్చాడు. చివరి బంతికి నాలుగు పరుగులు, చేతిలో ఒకే వికెట్టు. బంతి చేతన్ శర్మ చేతిలో ఉన్నది. అతనికి అప్పుడు 20 ఏళ్ళు. యార్కరు వేయబోయాడు. అది ఫుల్‌టాస్ అయింది. మా పిల్లవాడు వేసినటువంటి బంతే. మియాందాద్ దానిని లెగ్ వైపు సిక్సరు కొట్టాడు. మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒకరి వెంట ఒకరు చెప్పులు వెతుక్కొని వెళ్ళిపోయారు. ఆ తరువాత చేతన్ శర్మను మన జనం అన్న మాటలు ఇక్కడ వ్రాయదగినవి కావు. అన్నవారిలో నేనూ ఒకడిని.

ఆ వేసవిలోనే ఇంగ్లండులో మన జట్టు టెస్టు సిరీస్ 2-0తో గెలిచింది. బర్మింగ్‌హామ్ టెస్టులో చేతన్ శర్మ పది వికెట్లు తీశాడు. మరుసటి సంవత్సరం మన దేశంలో రిలయన్స్ ప్రపంచ కప్ జరిగింది. 1987 అక్టోబరు 31న న్యూజీలాండ్‌తో ఆట మనకు ప్రక్కనే ఉన్న నాగపూర్‌లో. ఇక్కడి నుండి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరే ఊరు. చేతన్ శర్మ వరుసగా మూడు బంతులకు రూథర్‌ఫర్డ్, స్మిత్, చాట్‌ఫీల్డ్‌లను బౌల్డ్ చేశాడు. ముగ్గురి వికెట్లూ పడిపోయాయి. క్యాచ్ పట్టేవాని ప్రమేయం గాని, అంపైరు వేలు గాని అక్కరలేని హ్యాట్రిక్. ప్రపంచ కప్ చరిత్రలో అదే మొదటిది. ఆనాడే గవాస్కర్ తన ఒన్‌డే జీవితంలోని ఏకైక శతకం చేశాడు, అందుచేత మరునాటి పత్రికలలో చేతన్ శర్మకు సగం చోటే దక్కింది.

షార్జాలో చివరి ఓవరు అతనికి ఇచ్చినవాడు కపిల్ దేవ్. నాగపూర్‌లో బంతి ఇచ్చినవాడూ కపిల్ దేవే.

నాగపూర్ అనగానే మరొక తేదీ చెప్పకుండా ఉండలేను. మన తెలుగు కుటుంబంలో పుట్టిన కల్నల్ సి.కె. నాయుడు జన్మించినది ఆ ఊరిలోనే, 1895లో, అదీ అక్టోబరు 31నే. ఆ రోజులలో నాగపూరూ, మన దుర్గ్, రాయపూరూ ఒకే మధ్య పరగణాలలోనివి. సిక్సరు అన్న మాటకు ఈ దేశంలో మోజు తెచ్చినవాడు ఆయనే. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద రెండు గంటల లోపల 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు. ఆరేళ్ళకు, 1932లో, భారత తొలి టెస్టు జట్టుకు నాయకుడయ్యాడు. ఆ బొంబాయి ఆట ఎవరూ గెలవలేదు, కనుక మన నేటి విషయానికి సరిగా ఒప్పదు. అయినా, తెలుగువాడు, మన ప్రాంతంవాడు. వదిలిపెట్టడానికి మనసొప్పలేదు.

సరిగ్గా ఒప్పేది మరొకటి ఉన్నది, ఇది మా పిల్లవానికి నాకంటె బాగా తెలుసు. 2025 సెప్టెంబరు 28న దుబాయిలో ఆసియా కప్ ఫైనలు. పాకిస్తాన్ 146కు ఆలౌట్ అయింది. భారత్ 20 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకొన్నది. అప్పుడు నిలిచినవాడు హైదరాబాదు కుర్రవాడు తిలక్ వర్మ, ఒక ఎలక్ట్రీషియన్ కుమారుడు. చివరి ఓవరులో పది కావాలి. హారిస్ రవూఫ్ వేసిన రెండవ బంతిని సిక్సరు కొట్టి బరువు దించాడు. నాలుగవ బంతికి రింకూ సింగ్ ఫోరుతో ముగించాడు. తిలక్ 69 నాటౌట్. మనవాడు కొట్టినప్పుడు రవూఫ్ మొగము ఎలా ఉన్నదో చూడాలన్న ధ్యాస మనకు రాదు. నేనూ లేచి చప్పట్లు కొట్టినవాడినే. ఆ ఫైనలులో రవూఫ్ 3.4 ఓవర్లలో 50 పరుగులు ఇచ్చాడు.

2016లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచ ట్వెంటీ20 ఫైనలు చివరి ఓవరులో కార్లోస్ బ్రాత్‌వైట్ వరుసగా నాలుగు సిక్సర్లు కొట్టినప్పుడు పిచ్ మీద కూలబడిన బెన్ స్టోక్స్, 2019లో లార్డ్స్‌లో ఇంగ్లండుకు ప్రపంచ కప్ తెచ్చిపెట్టాడు. ఈ సంగతి మన యువ పాఠకులందరికీ విదితమే కనుక విస్తరించను.

కొట్టినవారిని గురించి కూడా ఒక మాట చెప్పకపోతే పాఠకులు నన్ను క్షమించరు. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో ధోనీ కొట్టిన సిక్సరును తలచుకోని ఇల్లు మన కాలనీలో లేదు. శ్రీలంక 274. మనకు 11 బంతులలో నాలుగు కావాలి. నువాన్ కులశేఖర బంతిని లాంగాన్ మీదుగా లేపి, బ్యాటును చేతిలో త్రిప్పుతూ బంతి వైపే చూస్తూ నిలబడ్డాడు. 91 నాటౌట్. 28 ఏళ్ళ తరువాత ప్రపంచ కప్. అందరూ ఎరిగిన ఈ కథలో మనకు సంబంధించినది ఒకటున్నది. ధోనీ తండ్రి రాంచీలో మెకాన్ సంస్థలో చిన్న ఉద్యోగి. పెరిగినది ఆ సంస్థ కాలనీ క్వార్టర్లలో. ఉక్కు రంగంలో ఉన్న మనకు మెకాన్ పేరు కొత్త కాదు. బడిలో మొదట ఫుట్‌బాల్ గోల్‌కీపరు. ఆ తరువాత ఖరగ్‌పూర్‌లో రైల్వే టిక్కెట్టు పరీక్షకుడు. అంటే మన పిల్లలు ఆడుకొనే మైదానం వంటి మైదానమే, మన వంటి క్వార్టర్లే, మన వంటి నీళ్ళ ట్యాంకులే. ఎన్ని ట్యాంకులకు సొట్టలు పెట్టాడో రాంచీవారిని అడగాలి.

ఆ సాయంత్రం మా పిల్లవాడు చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆ టెర్రీకి బంతి మళ్ళీ వాళ్ళే ఇచ్చారు. నాకు ఎవరిస్తారు మామయ్యగారూ?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. నేను చెప్పిన కథలన్నింటిలోనూ బంతి వేసినవాని ధైర్యాన్ని చూస్తూ వచ్చాను గాని, దానిని మళ్ళీ చేతికి ఇచ్చినవానిని గురించి ఇంత సూటిగా ఆలోచించలేదు. మరునాడు డ్యూటీ నుండి వస్తూ ఆ జట్టు కెప్టెనును వెతికి పట్టుకొన్నాను. పదకొండవ తరగతి కుర్రవాడు, మాటకారి. సంగతి చెప్పాను. కపిల్ దేవ్ పేరు కూడా వాడాను, దాచను. వాడు కాసేపు బ్యాటుతో నేల మీద గీతలు గీసి, "వాణ్ణి రమ్మనండి అంకుల్. బంతి ఇస్తాను. చివరి ఓవరు మాత్రం నేనే వేసుకొంటాను" అన్నాడు.

కెప్టెనుగా వాని బాధ్యత వానిది. నేను మారు మాట్లాడలేదు.

క్రిందటి ఆదివారం ఉదయం మా పిల్లవాడు మైదానానికి వచ్చాడు. వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి చూస్తున్నది. మూడవ ఓవరు వానికి ఇచ్చారు. మొదటి బంతి వైడు. మొత్తం మీద తొమ్మిది పరుగులు ఇచ్చాడు, వికెట్టు పడలేదు. ఓవరు అయిన తరువాత కెప్టెను వాడిని వేపచెట్టు వైపు హద్దు దగ్గరకు పంపాడు. ఆట ముగిసేదాకా వాడు అక్కడే నిలబడి, వచ్చిన ప్రతి బంతికీ పరుగెత్తాడు.